ఆపద నగారా

అనగా అనగా ఒక నగారా. దాన్ని కొట్టించే రాజు పేరు ధర్మకేతు, అతని రాజ్యం మణివాడ. ఆపద వస్తే నగారా మోగుతుంది. అది మోగినంత కాలం పెద్దల సభ కూడదు, రాజు నోట వచ్చిందే శాసనం. ఏర్పాటు మంచిదే. కానీ ఆ ఏర్పాటు చేసిన తాతలు ఒక్కటి మరిచారు. ఆపద తీరిందని ఎవరు చెప్పాలో చెప్పలేదు.

ఆ సందులోంచే దూరాడు కంకాళుడనే మాంత్రికుడు. రోజూ పొద్దున్నే రాజు చెవిలో "ఇంకా తీరలేదు ప్రభూ" అనేవాడు. రాజు మంచివాడే, కాకపోతే పిరికివాడు. నగారా మోగుతూనే ఉంది. ఆపద పేరు చెప్పి కంకాళుడు రాజు చేత రోజుకో శాసనం వేయించాడు. గాదెల్లో ధాన్యం పోయింది, కొట్టాల్లో ఎద్దులు పోయాయి, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. "ఎప్పుడు తీరుతుంది నాన్నగారూ?" అని అడిగిన పెద్దకొడుకు చెరసాలకు పోయాడు. రెండోవాడూ అదే అడిగి అక్కడికే పోయాడు.

మూడోవాడు నీలకేతు అడగలేదు. అన్నల్ని విడిపించాకే ఇల్లు చేరతానని ఒట్టు పెట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళాడు. అక్కడ వలలో చిక్కిన ముసలి తాబేలును విడిపించాడు.

"బాబూ, ఏడు సముద్రాల అవతల రాతిదీవిలో ఒక చిలుక ఉంది," అంది తాబేలు. "కంకాళుడి ప్రాణం దాంట్లోనే ఉంది. నా వీపెక్కు. కానీ అది మాటకారి, జాగ్రత్త."

దారిలో తుఫాను వచ్చింది, సుడిగుండం వచ్చింది, తిమింగలం వచ్చింది. "వెనక్కి పోదామా?" అని తాబేలు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నీలకేతు "పద తాతా" అన్నాడు.

రాతిదీవిలో చిలుక జామపండు తింటోంది. మెడ పట్టుకోగానే, "చంపకు రాకుమారా," అంది. "నన్ను నీ భుజాన పెట్టుకో. నేను ఆపద ఉందన్నంత కాలం నగారా నీది. అన్నల్ని విడిపించు, అందరికీ మంచే చెయ్యి. ఎందుకని ఎవరూ అడగరు."

నిజం చెప్పాలంటే నీలకేతు పట్టు కాస్త సడలింది. మీదైనా సడలేది. అంతలో, అడిగినందుకే చెరలో పడిన అన్నలు గుర్తొచ్చారు. మెడ నులిమేశాడు. అక్కడ మణివాడలో కంకాళుడు కుప్పకూలాడు.

రాజు ఏడ్చి కొడుకుల్ని విడిపించాడు. అన్నలిద్దరూ తమ్ముడికే పట్టం కట్టమన్నారు. నీలకేతు పట్టం కట్టుకున్న రోజే సభను పిలిచి నగారా కర్ర వాళ్ళకిచ్చేశాడు. "ఆపదలో మీరిస్తేనే పుచ్చుకుంటాను. మూడు పొద్దులు దాటితే మళ్ళీ వచ్చి అడుగుతాను. మీరు కాదంటే కాదు," అన్నాడు. సభకు పెద్ద, రేవు నాయకుడి కూతురు గౌరాంబ. నీలకేతుకు పెళ్ళి కుదిరింది ఆమెతోనే.

పెళ్ళి ముందర నిజంగానే ఆపద వచ్చింది. ఏరు పొంగి కట్ట తెగింది. సభ కర్ర ఇచ్చింది, ఊరంతా మట్టి మోసింది. మూడో పొద్దు వాలేసరికి గండి ఇంకా కొంచెం మిగిలింది. గౌరాంబ గట్టెక్కి చేయి చాపింది.

"కర్ర ఇవ్వండి."

"చూస్తున్నావుగా, ఇంకొక్క పూట పని. ఈసారికి పోనీ."

"చూస్తున్నాను. కంకాళుడూ రోజూ ఈ మాటే అనేవాడు. సభకొచ్చి అడగండి."

నీలకేతుకు ఒళ్ళు మండింది. అయినా కర్ర ఆమె చేతిలో పెట్టి, పని అన్నలకు అప్పగించి, మోకాళ్ళ దాకా బురదతో సభలో నిలబడి అడిగాడు. సభ గండి ఎంత మిగిలిందో విచారించి, ఇంకొక్క పొద్దు ఇచ్చింది. కట్ట నిలిచింది. నగారా ఆగింది.

ఆ నిశ్శబ్దంలోనే వాళ్ళ పెళ్ళి మేళం మోగింది. ఇద్దరూ తల నెరిసేదాకా చల్లగా ఏలారు. మణివాడలో ఇప్పటికీ కొత్త రాజు పాదాలకు మొదట ఏటి బురద పూసి సభకు నడిపిస్తారు. పన్నీరు తర్వాతే.