బూరెకి తీపి పడదు

అనగనగా, కాలవగట్టు పక్కన ఒక ఊళ్ళో, నరసాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పూతరేకులు చేసేది. కాళ్ళు సరిగ్గా పెట్టుకో పండూ, నా పొట్టలో తన్నకు. పూతరేకులంటే మొన్న డబ్బాలోంచి నాకు చెప్పకుండా తిన్నావే, అవే.

కుండ బోర్లించి, కింద మంట పెట్టేది. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి తీస్తే, కాయితంలాంటి రేకు వచ్చేది. అప్పుడు దానికి నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడత పెట్టేది. విరిగిన ముక్క ఉంటే పక్కనే కూర్చున్న బూరె నోట్లో వేసేది.

బూరె ఎవరనుకున్నావు? కుక్క! పిల్లప్పుడు ఎర్రగా, గుండ్రంగా ఉండేదిలే, అందుకని ఆ పేరు. నరసాయమ్మకి మొగుడు పోయాడు, పిల్లల్లేరు. "ఏమే బూరే, ఇవాళ ఏం కూర వండమంటావు?" అని దాన్నే అడిగేది. అది తోక ఊపేది. ఆ ఇంట్లో మాటా మంచీ అంటే అంతే.

అలా ఉండగా బూరె చిక్కిపోయింది. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. తొట్టెడు నీళ్ళు తాగి ఇంకా కావాలనేది. అప్పుడు నరసాయమ్మ దాన్ని రిక్షాలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"దీనికి షుగరమ్మా," అన్నాడాయన. "ఇది పోయే జబ్బు కాదు. రెండు పూటలా అన్నం తిన్నాక సూది వెయ్యాలి. తీపి ముట్టనివ్వకు. కానీ ఎప్పుడైనా సూది మందు ఎక్కువై తూలి పడిపోతే మాత్రం, వెంటనే చిగుళ్ళకి బెల్లం నీళ్ళు రాసి తీసుకురా."

ఆ తర్వాత నరసాయమ్మ ఏం చేసిందో తెలుసా? పంచదార డబ్బా, బెల్లం దిమ్మ, ఆఖరికి దేవుడి దగ్గర పటికబెల్లం కూడా బయటికి పంపేసింది. ఉత్త రేకులు మాత్రం తీసి కొట్టువాడికి ఇచ్చేది. వాడు సైకిలు దిగకుండానే కట్ట అందుకుని వెళ్ళిపోయేవాడు. ఇదివరకు పూతరేకులు కొనడానికి వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు రావడం మానేశారు. కుక్కకి షుగరేంటని నవ్వుతారని ఆవిడా ఎవరికీ చెప్పుకోలేదు. పిచ్చిది.

ఇంక ఆ మందు పాట్లు చూడు. ముందు, మందు సీసా చల్లగా ఉండాలన్నారు కదా అని ఫ్రిజ్జులో పైన ఐసు అరలో పెట్టింది. పొద్దున చూస్తే రాయిలా గడ్డకట్టి కూర్చుంది. మళ్ళీ కొత్త సీసా కోసం ఎండలో పోయింది.

ఆ తర్వాత బూరెకి తెలివొచ్చేసింది. ఫ్రిజ్జు తలుపు చప్పుడైతే చాలు, మంచం కింద దూరేది. నువ్వూ మందనగానే దూరతావు, నవ్వకు! నరసాయమ్మ కూడా మంచం కింద దూరి, చీకట్లో సూది గుచ్చబోయి తన బొటనవేలికే గుచ్చుకుంది. "అయ్యో నా తల్లో!" అని అరిచింది. ఏమైందని అడగడానికి ఎవరున్నారు? బూరె వచ్చి వేలు నాకింది.

ఆ తర్వాత ఎదురింటి కనకరత్నం, కూతురి పుట్టినరోజని గిన్నె నిండా పరమాన్నం పంపింది. బూరె గబగబా వచ్చి మూతి పెట్టబోయింది. నరసాయమ్మ ఒక్క ఉదుటున వచ్చింది. గిన్నె లాక్కుని, పరమాన్నమంతా వీధి కాలవలో పోసేసింది. పోస్తుంటే కనకరత్నం చూడనే చూసింది.

మరి మనకి ఎవరైనా గిన్నెలో ఏదైనా పెట్టి ఇస్తే, గిన్నె ఉత్తినే తిరిగి ఇవ్వం కదా? ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి ఇస్తాం. నరసాయమ్మ ఎప్పుడూ పూతరేకులు వేసి ఇచ్చేది. ఇప్పుడు తీపి లేదాయె. ఇంకేదైనా వెయ్యొచ్చని ఆ మొద్దు బుర్రకి తట్టలేదు. గిన్నె కడిగి, ఖాళీగా అరుగు మీద పెట్టి వచ్చేసింది.

అంతే, కనకరత్నం మాట్లాడ్డం మానేసింది. ఆ వీధిలో ఇంకెవరూ గిన్నె పంపలేదు. సాయంత్రాలు నరసాయమ్మ, బూరె గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసేవాళ్ళు. పలకరించేవాళ్ళు లేకపోతే చాలా బాధగా ఉంటుంది పండూ. నాకు తెలుసు.

ఒకరోజు పొద్దున్న నరసాయమ్మ బూరెకి అన్నం పెట్టింది. ఇంతలో కుండ మీద రేకు మాడుతున్న వాసనొచ్చి లోపలికి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. "మా అమ్మే, అంతా తిన్నావా!" అని మురిసిపోయి సూది వేసేసింది. కానీ తిన్నది బూరె కాదు, పెరటి కోళ్ళు.

మధ్యాహ్నం అయ్యేసరికి బూరె తూలింది. కాళ్ళు వణికాయి. దబ్బున పడిపోయింది. పిలిస్తే చెవి కూడా కదపలేదు. పళ్ళెం పక్కన కోడి ఈకలు చూశాక గానీ, అది తినలేదని నరసాయమ్మకి తెలియలేదు. అప్పుడు డాక్టరు చివర్న చెప్పిన మాట గుర్తొచ్చింది. బెల్లం!

డబ్బాలన్నీ వెతికింది. చిటికెడు తీపి లేదు ఇంట్లో. కొట్టుకి తాళం. వీధంతా తలుపులేసుకుని పడుకుంది. నరసాయమ్మ ఎదురింటి గుమ్మం దాకా పరిగెత్తి, తలుపు తట్టబోయి ఆగిపోయింది. ఖాళీ గిన్నె గుర్తొచ్చింది. మళ్ళీ వెనక్కి చూసింది. అక్కడ బూరె అలాగే పడి ఉంది. అప్పుడు రెండు చేతులతోనూ తలుపు బాదింది.

"రత్నం! ఇంత బెల్లం పెట్టమ్మా!"

కనకరత్నం తలుపు తీసి, "మేం పెట్టింది కాలవలో పోస్తావుగా వదినా, నీకెందుకూ బెల్లం?" అంది.

"నాక్కాదే. నా బూరెకి షుగరు. తినకుండానే సూది వేసేశాను. పోతోందే అది. దానికేదైనా అయితే నాకు ఎవరున్నారే!" అని గుమ్మంలోనే కూలబడింది.

కనకరత్నం గభాల్న లోపలికెళ్ళింది. అదే గిన్నెలో బెల్లం చితక్కొట్టి, నీళ్ళు పోసి, తనే ముందు పరిగెత్తింది. ఇద్దరూ బూరె పెదవి పైకెత్తి చిగుళ్ళకి రాశారు. ఒకసారి రాశారు, కదల్లేదు. ఇంకోసారి రాశారు, కదల్లేదు. మూడోసారికి చిన్న నాలుక బయటికొచ్చి నరసాయమ్మ వేలు నాకింది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. దారిలో కనకరత్నం, "ముందే చెప్పి చావొచ్చుగా! మా ఆయనకీ షుగరే. ఆయనా సూదంటే మంచం కిందే దూరతాడు," అంది. నరసాయమ్మ ఏడుస్తూనే నవ్వింది.

సాయంత్రం గిన్నె తిరిగి ఇవ్వాలి. నరసాయమ్మ చాలాసేపు ఆలోచించింది. పెరట్లోకి వెళ్ళి, గుప్పెడు బెండకాయలు కోసి గిన్నెలో వేసి ఇచ్చింది. మూడోనాడు ఆ గిన్నె చల్లమిరపకాయలతో వెనక్కి వచ్చింది.

ఏంటి? బూరె ఎంతకాలం బతికిందా? కొంతకాలం బాగానే ఉంది. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. ఆవేళ నరసాయమ్మ కుండ కింద మంట పెట్టలేదు. అన్నమూ వండుకోలేదు. "ఏం కూర వండమంటావు?" అని అడగడానికి ఎవరూ లేరుగా.

సాయంత్రం గుమ్మంలో చప్పుడైంది. చూస్తే ఎదురింటి గిన్నె. దాన్నిండా వేడి వేడి చారన్నం. కనకరత్నం పక్కనే కూర్చుని ఉంది, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలనని.

గిన్నె ఎదురింటికి,
కథ కంచికి,
నిద్ర నా పండు కంటికి,
మనమిద్దరం మనింటికి.