జటాఘోరుడి మూడు వెంట్రుకలు

అనగనగా, సముద్రాలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, గంధవతీ నగరాన్ని చిత్రబాహుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడవవాడు మణికేతుడు. అతనికి కాంతిమతి అనే రాజకుమార్తెతో వివాహం నిశ్చయమై, పెళ్ళికూతురు అత్తవారి నగరంలో విడిది చేసింది.

ఒకనాడు ఆమెకు తలంటుతున్న దాసి కెవ్వుమన్నది. కాంతిమతి తలమీద రేగుపండంత మేర గుండ్రంగా జుట్టు లేదు. మర్నాటికి అటువంటివి రెండు. మూడవనాటికి మూడు.

"పేనుకొరుకుడు, మహారాజా! పేలే కొరుకుతున్నాయి," అన్నాడు ఆస్థాన వైద్యుడు.

దువ్వెనలు తెచ్చారు. దొరికిన పేనునల్లా గోళ్ళ మధ్య నలిపారు. చివరికి ఒక ముసలి పేను మిగిలింది.

"అమ్మా! నేను రక్తం తాగే మాట నిజం. వెంట్రుక కొరికే మాట అబద్ధం. అంత పంటిబలమే ఉంటే ఇలా బతుకుతానా?" అని మొరపెట్టుకున్నది.

కాంతిమతి వేళ్ళతో తడిమి చూసుకున్నది. "కొరికితే మొదళ్ళు గరుకుగా తగలాలి. ఇక్కడ అరచేతిలా నున్నగా ఉంది. దాన్ని వదలండి."

ప్రాణం దక్కిన పేను నిజం చెప్పింది. "మీరు పెళ్ళాడనని కాదన్న జటాఘోరుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలి నుండి ఊదిన ఊపిరి ఇది. చివరి వెంట్రుక రాలిననాడు మీ ప్రాణమూ రాలుతుంది. వాడి నడినెత్తిన మూడు వెంట్రుకలున్నాయి. ఒకదానిలో వాడి ప్రాణముంది. మా ముత్తవ్వ పుట్టిల్లు ఆ తలే."

పెద్ద రాకుమారుడు వెళ్ళి మూడింటినీ కత్తితో కోశాడు. అవి వెంటనే మళ్ళీ మొలిచాయి. మాంత్రికుడు నవ్వి అతన్ని శిలను చేశాడు. రెండవవాడు వెళ్ళి మూడింటినీ కాల్చాడు. కమురు వాసన వచ్చింది తప్ప వాడికేమీ కాలేదు; అవీ మళ్ళీ మొలిచాయి. అతడూ శిల అయ్యాడు. ఆ సంగతి సముద్రకాకి వచ్చి చెప్పింది. అప్పటికి కాంతిమతి తలమీద గుప్పెడు జుట్టు మిగిలింది.

మణికేతుడు పేనును తలలో పెట్టుకుని తెప్ప ఎక్కాడు. ఏడు సముద్రాల పొడవునా పేను అతనికి బోధించింది.

"వెంట్రుకకు పొరలు మూడు, రాకుమారా. పైన ఇంటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పరచిన పొలుసులు. వాటి లోపల తాడులా పేనిన పోగులు. నలుపంతా అక్కడే ఉంటుంది. నడిమధ్య అరటిబోదెలో ఉన్నట్టు మెత్తని దవ్వ. ఈ మూడింటిలోనూ ప్రాణం లేదు. చర్మం దాటి పైకి వచ్చినదంతా చచ్చినదే. అందుకే మీ అన్నలు కోసినా, కాల్చినా వాడికి నొప్పి తెలియలేదు. ప్రాణం చర్మం కింద, కుదురులో ఉంటుంది. కోయరాదు. పీకాలి."

"మూడూ పీకితే?"

"ఒక్క తప్పు వెంట్రుక పీకినా వాడు లేస్తాడు. అప్పుడు మీరు మూడవ శిల."

మిట్టమధ్యాహ్నం వారు గుహ చేరారు. గుహ నిండా ఆడపిల్లల జడలు వేలాడుతున్నాయి. గాలి లేకపోయినా కదులుతున్నాయి. వాకిట అన్నలిద్దరూ శిలలై నిలిచి ఉన్నారు.

"ఎవడ్రా?" అన్నాడు లోపలి నుండి మాంత్రికుడు.

"పేలు చూసేవాణ్ణి, స్వామీ."

"చూడు. నిద్ర పట్టించావా, సాయంత్రం మింగుతాను. పట్టించలేదా, ఇప్పుడే మింగుతాను."

"సాయంత్రమే మేలు, స్వామీ."

మాంత్రికుడు బండరాయంత తలను అతని ఒడిలో పెట్టాడు. చుండ్రు పొట్టులా రాలింది. తామర మచ్చలు చక్రాల్లా అలుముకుని ఉన్నాయి. మణికేతుడు జటలను పాయలు తీసి, నడినెత్తిన విడిగా ఉన్న మూడు వెంట్రుకలను బయటపెట్టాడు. మాంత్రికుడు గురక పెట్టాడు. పేను మెల్లగా దిగింది.

"మొదటిది ఎండిన కుదురు. తాకితేనే ఊడుతుంది. కాదు," అన్నది.

మళ్ళీ నడిచింది. "రెండవది చల్లగా ఉంది. కాదు."

ఆ నడకకు మాంత్రికుడికి దురద పుట్టింది. కొడవలి వంటి గోరు పేను మీదికి లేచింది. మణికేతుడు చటుక్కున తన చేయి అడ్డుపెట్టి తానే గోకాడు. గోరు అతని చేతిని చీల్చింది. అతడు పెదవి కొరుక్కున్నాడు తప్ప మూలగలేదు.

"ఆఁ... అక్కడే... ఇంకొంచెం కింద," అని మాంత్రికుడు మళ్ళీ గురక పెట్టాడు.

పేను మూడవదాని మొదట ఒక్క చుక్క తాగింది. "వేడిగా ఉంది! ఇదే!"

మణికేతుడు దాన్ని వేలికి చుట్టి లాగాడు. రాలేదు. మాంత్రికుడి కళ్ళు తెరుచుకున్నాయి. పాదాలు రాయి కావడం మణికేతుడికి తెలుస్తూనే ఉంది. చీలిన చేతిని కూడా కలిపి మళ్ళీ లాగాడు. వెంట్రుక తెల్లని గడ్డతో, నెత్తురుతో ఊడి వచ్చింది. మాంత్రికుడు కుప్పెడు పొట్టై రాలిపోయాడు. జడలు కదలడం మానాయి. అన్నలు కళ్ళు నులుముకున్నారు.

వారు నగరం చేరేసరికి కాంతిమతి తలమీద ఒకే ఒక్క వెంట్రుక ఉంది. అది రాలలేదు.

పెళ్ళినాడు ముత్తైదువలు సవరం తెచ్చారు. కాంతిమతి తల అడ్డంగా ఊపింది. "చచ్చిన వెంట్రుకలు నాకెందుకమ్మా? బతికినవి వస్తున్నాయి." ఆమె తలనిండా తెల్లని నూగు మొలిచి ఉంది. ఆ తలతోనే పీటల మీద కూర్చున్నది. ఏడాది తిరిగేలోగా నూగు నల్లబడింది.

ముసలి పేను తనకొక నివాసం అడిగింది.

"నా తల మాత్రం కాదు," అన్నది కాంతిమతి. "మామగారి గడ్డం విశాలంగా ఉంటుంది."

అన్నలిద్దరూ తమను బతికించిన తమ్ముడికే రాజ్యం వదిలారు. మణికేతుడూ కాంతిమతీ అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. వృద్ధరాజు చిత్రబాహుడు బతికినన్నాళ్ళూ నిండు సభలో అప్పుడప్పుడు గడ్డం గోక్కునేవారు. ఎందుకో ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.