మంచుకొట్టులో సాక్షి

ఆ పొద్దున జోథమ్‌కి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మర్నాడు కోర్టులో మొదటిసారి నోరు విప్పబోతున్నాడు. అదీ ఖూనీ కేసులో, సర్కారు తరఫున.

ఇది అమెరికాలో, రైలు ఇంకా ఒహయో పల్లెల మొహం చూడని రోజుల నాటి మాట. అప్పట్లో వకీలు కావాలంటే కాలేజీకి కాదు, ఒక పెద్ద వకీలు గడప తొక్కాలి. ఆయన పొయ్యి రాజెయ్యాలి, ఆయన కాయితాలకి నకళ్ళు రాయాలి, ఆయన పుస్తకాలు చదవాలి, ఆయన చేతే చీవాట్లు తినాలి. మన గురుకులమే అనుకోండి. గురువుగారికి గడ్డం కూడా ఉంటుంది, కమండలమే ఉండదు.

జోథమ్ గురువు పేరు అసహేల్ ప్రూయిట్. ఆ చుట్టుపక్కల పేరు మోసిన వకీలు, ఆ పైన వాషింగ్టన్‌లో సెనేటరు. పదవి దిగాక మళ్ళీ ఆ చిన్న ఊళ్ళోనే బల్ల వేసుకుని కూచున్నాడు. మాట్లాడేది బహు తక్కువ. అందుకే జనానికి ఆయనంటే హడలు.

"రేపటి వాదన వినిపించు," అన్నాడాయన.

జోథమ్ వినిపించాడు. లూథర్ బాస్ అనే రైతు తన పశువుల కొట్టంలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. అనుమానం పాలేరు కాస్పర్ మీద. జర్మనీ నుంచి వచ్చినవాడు, ఇంగ్లీషు సరిగ్గా రాదు, నా అన్నవాళ్ళు లేరు. చంపినవాడు తాకితే శవం నెత్తురు కక్కుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. షెరీఫు కాస్పర్‌ని ఈడ్చుకొచ్చి శవం మీద చెయ్యి పెట్టించాడు. శవం ముక్కులోంచి నెత్తురు కారింది. ఊరంతా కళ్ళారా చూసింది.

"చచ్చినవాడికి అబద్ధం ఆడాల్సిన అవసరం లేదు," అని ముగించాడు జోథమ్, గొంతు వణికించి మరీ. ఆ మాటతో కాస్పర్ మెడకి ఉరి బిగిసినట్టే.

ప్రూయిట్ పొయ్యిలోకి ఒక కట్టె ఎగదోశాడు.

"ఆ రోజు శవాన్ని ఇంకెవరెవరు తాకారు?"

"ఇంకెవరూ తాకలేదండి. అనుమానం వాడి మీదే కదా."

ముసలాయన లేచి కోటు తొడుక్కున్నాడు. "పద," అన్నాడు.

జడ్జి గుర్రమెక్కి ఊరూరూ తిరుగుతూ రావాలి. అందాకా శవాన్ని పూడ్చకుండా ఏటి ఒడ్డున మంచుగడ్డలు దాచే కొట్టులో ఉంచారు. ప్రూయిట్ అడిగితే షెరీఫు నోరెత్తకుండా తాళంచెవి ఇచ్చాడు. ఊరు ఊరంతా పొగమంచులో ఉంది.

దారిలో ఒకావిడ గుమ్మం ఊడుస్తూ ప్రూయిట్‌ని చూసింది. చీపురు అక్కడే పడేసి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఎందుకో జోథమ్‌కి తెలుసు. ఆవిడ కొడుకులిద్దరూ మెక్సికో యుద్ధానికి వెళ్ళి తిరిగిరాలేదు. ఆ యుద్ధం కావాలని సెనేట్‌లో ఓటేసిన వాళ్ళలో ప్రూయిట్ ఒకడు. ఆవిడ మూసిన తలుపుకేసి ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని నడిచాడు.

కొట్టులో తడిసిన రంపపుపొట్టు వాసన. ఎక్కడో నీటిబొట్లు పడుతున్నాయి. లూథర్ బాస్ దుప్పటి కింద బల్ల మీద ఉన్నాడు. ప్రూయిట్ దుప్పటి తీశాడు. శవానికి ఒక కన్ను సరిగ్గా మూతపడలేదు, అది జోథమ్‌నే చూస్తోంది.

"చెయ్యి పెట్టు."

"నేనా? నేనెందుకండీ?"

"నువ్వు చంపలేదుగా."

ఇంత చదువుకున్నవాణ్ణి, నాకేం భయం అనుకున్నాడు జోథమ్. చెయ్యి మాత్రం ముందుకి రానని మొరాయించింది. పళ్ళ బిగువున శవం గుండె మీద పెట్టాడు. రాయిలా చల్లగా ఉంది. ఏమీ జరగలేదు. హమ్మయ్య అనుకుని ఊపిరి వదిలాడు.

అప్పుడు శవం ముక్కులోంచి నల్లటి చారొకటి బయటికొచ్చింది. తొందరేమీ లేదన్నట్టు మెల్లగా పెదవి మీదికి దిగి, గడ్డంలోకి పాకింది.

జోథమ్ వెనక్కి దూకి గోడకి కొట్టుకున్నాడు. "నేను కాదు. నాకేం తెలీదు. ఈయన చచ్చిపోయిన రోజు నేను ఊళ్ళోనే లేను, మీతోనే పొరుగూళ్ళో ఉన్నాను కదండీ. దేవుడి తోడు, నేను కాదు."

"కాస్పర్ కూడా ఇదే చెప్పాడు," అన్నాడు ప్రూయిట్. "ఇంగ్లీషు రాక నీ అంత బాగా చెప్పలేకపోయాడు."

జోథమ్ అరచెయ్యి కోటుకేసి తుడుచుకుంటున్నాడు. చేతికి ఏమీ అంటలేదు. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"రేపు ఈ మాట ఎత్తను," అన్నాడు చివరికి. "వాడి మీద ఇంకో సాక్ష్యం లేదు. వదిలెయ్యమని జడ్జిగారిని నేనే అడుగుతాను."

ముసలాయన తలూపాడు. కానీ శవం గడ్డం మీది నెత్తురు ఇంకా ఆగలేదు. ఆ చల్లటి కొట్టులో దాన్ని తానొక్కడే కదిలించానన్న సంగతి జోథమ్ తట్టుకోలేకపోయాడు.

"అయ్యా, మీరూ ఒక్కసారి తాకండి," అని బతిమాలాడు. "ఎవరు తాకినా వస్తుంది కదండీ. మీరు తాకినా వస్తుంది కదా."

ప్రూయిట్ చెయ్యి చాచాడు. శవానికి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. ఆయన దాన్ని వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాడు.

"దుప్పటి నువ్వే కప్పు, నాయనా," అన్నాడు. "నేను యుద్ధానికి ఓటేసినవాణ్ణి."