హాస్టలు బస్సు

సూర్యలంక రోడ్డులో సరుగుడు తోటల పక్కన ఉండే పూర్ణయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఆయన దగ్గరికి ప్రశ్న పట్టుకుని వచ్చినవాడు అడగవలసింది ఒకేసారి అడిగేసి, జవాబు వచ్చేదాకా మౌనంగా కూర్చోవాలి. మధ్యలో నోరు విప్పితే ఆ ప్రశ్న చెల్లదు, మళ్ళీ వచ్చే గురువారం రావలసిందే. జవాబు ఒక్కోసారి చిటికెలో వచ్చేది, ఒక్కోసారి పొద్దుగూకినా వచ్చేది కాదు. ఈ నియమానికి జడిసి చాలామంది శిష్యులు తమ ప్రశ్నలను ఇంట్లోనే తేల్చుకునేవారు. ఆయనకు కావలసిందీ అదేనేమో మరి.

ఈ నియమం అందరికన్నా ఎక్కువ కష్టం గోవర్ధనానికి. మాట్లాడటమే అతని ఉద్యోగం. బాపట్ల బస్టాండులో మైకు ముందు కూర్చుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి. పొన్నూరు మీదుగా గుంటూరు వెళ్ళు బస్సు రెండవ ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నది" అన్నాడంటే చాలు, జనం మూటా ముల్లే సర్దుకుని పరుగెత్తేవారు. అంతమందిని ఒక్క మాటతో లేవగొట్టే మనిషి ఇంట్లో ఆరేళ్ళ కూతురు అలివేలుని స్నానానికి లేవదీయలేకపోయేవాడు.

ఆ గురువారం అతను ఆ కూతురిని వెంటబెట్టుకునే వచ్చాడు. భార్య హైమవతి తన చెల్లెలి సీమంతానికి చీరాల వెళ్ళింది. ఈ పిల్లను నలుగురిలోకి తీసుకెళ్ళే ధైర్యం ఆవిడకు లేకపోయింది. పూర్ణయ్యగారు వెనక వసారాలో చాపమీద కూర్చుని ఉన్నారు. అలివేలు ఆయనకు దణ్ణం పెట్టినట్టే చేతులెత్తి, ఆ ఎత్తిన చేతులతోనే పెరట్లోని పిల్లికూన వెనక పరుగుతీసింది. గోవర్ధనం గొంతు బాగా తగ్గించాడు. తగ్గించాననే అనుకున్నాడు. ఏళ్ళ తరబడి బస్సుల హోరుతో పోటీపడిన గొంతు అది.

"అయ్యవారూ, ఇది నా మాట వినదండీ. బతిమాలినా వినదు, అరిచినా వినదు. ఇడ్లీ పిండిలో తలనూనె కలిపింది. నా బూట్లలో నీళ్ళుపోసి కప్పపిల్లల్ని పెంచింది. పోయిన వారం నేను టీ తాగొచ్చేలోపల మైకు నొక్కి, గుంటూరు వెళ్ళేవాళ్ళందర్నీ నిజాంపట్నం బస్సెక్కించిందండీ! నాకు మెమో ఇచ్చారు. ఇది పుట్టినప్పుడు మా వీధి వీధంతా లడ్లు పంచానండీ నేను. ఇప్పుడు దీనితో తల ప్రాణం తోకకొస్తోంది. హాస్టల్లో సీటు మాట్లాడాను. రేప్పొద్దున తీసుకెళ్ళి చేర్చకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. మా ఆవిడేమో అయ్యవారు సరేనంటేనే పంపుతానని భీష్మించుకు కూర్చుంది. ఒక్క మాట చెప్పండి. మాట వినని పిల్లని ఏం చెయ్యాలి?"

పూర్ణయ్యగారు తలపంకించి, కందుల చేట దగ్గరికి లాక్కుని రాళ్ళు ఏరసాగారు. అంటే మౌనం మొదలైందన్నమాట. గోవర్ధనం పెదవులు బిగించి పెరటివైపు తిరిగి కూర్చున్నాడు.

అలివేలు ఇసుక గౌనులోకి ఎత్తుకొచ్చి, వసారా అంచున తోమి బోర్లించిన రాగిచెంబును తిరగేసి అందులో పోసింది. పైన ఒక పువ్వు గుచ్చింది. గోవర్ధనం నోరు తెరిచాడు. పూర్ణయ్యగారు తలెత్తకుండానే వేలెత్తారు. నోరు మూసుకున్నాడు. తర్వాత అలివేలు జామచెట్టు కింది కొమ్మకు వేలాడి, అందిన పిందెనల్లా కోసి, ఒక్కో కొరుకు కొరికి అవతల పారేసింది. ఇతరుల పెరడు, పెద్దాయన ఇల్లు, ఇంత సిగ్గులేకుండానా! చెప్పవలసిన మాటలన్నీ అతని గొంతులో వరసకట్టి నిలబడ్డాయి. ఇంట్లో అయితే ఈపాటికి అతను అరిచి, అలిసి, మంచినీళ్ళు తాగి, రెండో విడత కూడా అరిచి ఉండేవాడు. ఇక్కడ పళ్ళు పటపటా కొరకడం తప్ప చేయగలిగింది లేదు. ఈ నియమం పెట్టిన పెద్దమనిషికి పిల్లలుంటే తెలిసేదని గురువుగారి మీద కూడా ఒళ్ళు మండింది.

అంతలో అలివేలు బావి దగ్గరికి వెళ్ళింది. గట్టు మీద రెండు చేతులూ ఆనించి, ఒక మోకాలు పైకి పెట్టి, లోపలికి వంగింది.

గోవర్ధనానికి ఇక ప్రశ్నా లేదు, సీటూ లేదు, ఒక్క ఉదుటున లేచాడు. చేటలో పూర్ణయ్యగారి చెయ్యి ఆగిపోయింది. అయితే అతను మెట్టు దిగకముందే పిల్ల తనంతట తానే ఆగింది. మోకాలు దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, గొంతు బొంగురు చేసి, "ఏయ్ అలివేలూ! ఎన్నిసార్లు చెప్పాలే నీకు? బావి దగ్గర కనపడ్డావంటే కాళ్ళిరగ్గొడతా!" అని గద్దించింది. గద్దించి, "పోన్లే, పోన్లే" అని తనకు తానే జవాబు చెప్పుకుని దూరంగా నడిచింది.

ఆ గద్దింపు అతనిదే. వేసవిలో అత్తగారింటి బావి దగ్గర అన్నాడు. ఆ రోజు ఈ పిల్ల తల కూడా తిప్పలేదు. వెనక్కి వచ్చి కూలబడ్డాడు. బతికిందిరా దేవుడా అనుకున్న వెంటనే మళ్ళీ ఉక్రోషం ముంచుకొచ్చింది. చెవికెక్కిందన్న ముక్క ఆ రోజే తెలిపితే దీని సొమ్మేం పోయింది?

పిల్లికూన ఆమె గౌను కుచ్చును గోళ్ళతో పట్టి లాగింది. వద్దంటే మళ్ళీ లాగింది. "చెప్పేది నీక్కాదూ? మాట వినవూ?" అంటూ అలివేలు దాని మెడ పట్టుకుని, గురువుగారి పూలబుట్టలో కూర్చోబెట్టి, పైన తామరాకంత చేమాకు కప్పింది. తర్వాత ఒక జామపిందెను నోటి దగ్గర పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మాట వినని పిల్లలు వెళ్ళు హాస్టలు బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నది."

అచ్చం అతని గొంతే. చివర అతను తీసే సాగుడు కూడా పొల్లుపోలేదు. హాస్టలు మాట పిల్లకు తెలియదనే అతను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు.

బుట్టలోంచి పిల్లికూన మ్యావుమంది. అలివేలు దాని పక్కన చతికిలబడింది. "ఏడవకూడదు. అక్కడ చాలామంది పిల్లలుంటారంట. అమ్మ రాదు. నాన్నకి బస్టాండులో పనుంటది కదా, నాన్న కూడా రాడు. పడుకునేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకో, సరేనా?" అంది. కూన ఇంకా గట్టిగా అరిచింది. పిల్ల చాలాసేపు బుట్టవైపే చూసింది. మోచేత్తో ముక్కు తుడుచుకుని మళ్ళీ జామపిందె అందుకుంది. ఈసారి గొంతు అతనిది కాదు, తనదే.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. హాస్టలు బస్సు రద్దు చేయబడినది."

ఆకు తీసేసి కూనను ఒళ్ళోకి ఎత్తుకుంది. "నువ్వు మాట వినకపోయినా ఏం పర్లేదులే. పడుకో" అంటూ దాని వీపు నిమరసాగింది.

గోవర్ధనానికి దుఃఖం ఆగలేదు. ఉత్తరీయం నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చాడు. మౌనం మాత్రం చెదరనివ్వలేదు.

పూర్ణయ్యగారు చేట పక్కన పెట్టారు. దాహం వేసి చెంబు అందుకుంటే బరువుగా తగిలింది. అందులోని ఇసుకనూ, ఇసుకలో గుచ్చిన పువ్వునూ కాసేపు చూసి, ఉసూరుమంటూ చెంబు కింద పెట్టేశారు.

"ఇక మాట్లాడొచ్చు. నీ ప్రశ్న ఏమిటో మరిచిపోయాను. మళ్ళీ చెప్పు" అన్నారు.

"అయ్యవారూ, మా అమ్మాయి మాట..." అన్నాడు గోవర్ధనం. వాక్యం అక్కడే ఆగిపోయింది. మిగిలిన ఒక్క మాట కోసం ఎంత వెతుక్కున్నా నోటికి రాలేదు.

"అమ్మాయి సంగతి అలా ఉంచు" అన్నారు పూర్ణయ్యగారు. "ఇంతకీ నువ్వు విన్నావా?"