కాటుకమ్మ వేసిన గిట్టముద్ర

చింతలతోపు పక్కన పశువుల పాకలో కొంగ పంతులు బడి నడిపేవాడు. ఏటా వానలు తగ్గాక అక్కడ పిల్లలకి స్పెల్లింగ్ పోటీ పెట్టేవారు. గెలిచిన పిల్లకి ఏటి అవతల పెద్ద బడిలో చోటు. మిగిలినవాళ్లకి ఎవరి కొట్టం వాళ్లకే.

ఆ ఏడు గేదె కాటుకమ్మ కూతురు నేరేడు గెలుస్తుందని అందరూ అనుకున్నారు. గేదెలకి చదువేమిటని నవ్విన నోళ్లే ఆ మాటా అన్నాయి. కాటుకమ్మకి అక్షరం ముక్క రాదు. కూతురు గడగడా వల్లిస్తుంటే నెమరు వెయ్యడం కూడా మరిచి వినేది.

పోటీ వారం ఉందనగా నక్క వచ్చింది. దాని పిల్లా పోటీలో ఉంది, పాపం అత్తెసరు చదువు. నక్క వినయాలని పెద్దలు ఊరికే అన్నారా!

"అక్కా, పోటీకి బల్లలు మొయ్యాలి, పందిరి వెయ్యాలి, పిల్లలకి నీళ్లివ్వాలి. ఊరంతా తిరిగాను, ఒక్కరికీ తీరిక లేదట. నీలాంటి పెద్దమనసు ఎవరికుంది చెప్పు?"

"పిల్లల పనికి కాదంటానా తమ్ముడూ!"

"అయితే ఈ కాగితం మీద గిట్టముద్ర వెయ్యి. ఏదో పద్ధతి కోసం."

నేరేడు పలక పక్కన పెట్టి లేచింది. "అమ్మా, అందులో ఏముందో చదివి చెప్పనా?"

"పెద్దవాళ్ల మధ్య నీకేం పని? పో, చదువుకో!" అని కసిరింది కాటుకమ్మ. తనకి చదువు రాదని నక్క ముందు బయటపడుతుందని సిగ్గు. ముద్ర వేసేసింది.

వారం రోజులు బల్లలు మోసి మోసి మెడ ఒరుసుకుపోయింది. పోటీనాడు కొంగ పంతులు పేర్లు పిలిచాడు. నేరేడు పేరు లేదు.

"పంతులుగారూ, మా పిల్లో?"

"పనిచేసేవాళ్ల పిల్లలు పోటీకి రాకూడదమ్మా. పదాలు ముందే తెలిసిపోతాయని ఆ నియమం. ఒప్పుకున్నట్టు ముద్ర వేశావుగా?"

"నాకు చదవడమే రాదు బాబూ! పదాలు నాకెలా తెలుస్తాయి?"

"నిజమే. అయినా నియమం నియమమే."

కాటుకమ్మ నక్క వైపు తిరిగింది. "నన్ను ఇందులోకి లాగింది నువ్వు. మరి నీ పిల్ల కూర్చుందే?"

"నేనేం పని చేశానక్కా? ఒక్క బల్లయినా ముట్టుకున్నానా? అడుగు, ఎవరినైనా అడుగు!"

ఒప్పుకున్న పని గనక కాటుకమ్మ పిల్లలందరికీ నీళ్లిచ్చింది, నక్కపిల్లకి కూడా. నేరేడు పందిరి గుంజకి ఆనుకుని ప్రతి పదానికీ పెదాలు కదిపింది. ఒక్కటీ తప్పలేదు. కొంగ పంతులు అది చూశాడు, చూసి తల తిప్పుకున్నాడు. నక్కపిల్ల మూడు తప్పులతో గెలిచింది. మిగతావాళ్లు ఇంకా ఎక్కువ తప్పారు.

"వచ్చే ఏడు గెలుద్దువులే తల్లీ."

"వచ్చే ఏటికి నాకు ఈడు దాటిపోతుందమ్మా. రానివ్వరు."

కాటుకమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. తను చేసుకున్నదానికి ఎవరిని తిట్టాలి? ఏడవడానికైనా తీరిక లేదు, బల్లలన్నీ మళ్లీ వెనక్కి మొయ్యాలి.

నీతి: సిగ్గుపడి అడగకుండా వదిలిన మాట చివరికి బిడ్డ నోట్లో మట్టి కొడుతుంది.