ములుకమ్మ బ్లాగు, నక్క సలహా

ఎండాకాలం వచ్చిందంటే చాలు, కొర్రమడుగు అడవిలో పొద్దున లేస్తూనే అందరూ పరిగెత్తేది తెల్లబండ దగ్గరికే. ఆ బండ మీద ములుకమ్మ అనే ఏదుపంది రోజూ రాస్తుంది. ఒంటి మీది ములుకు ఒకటి పీక్కుని, నేరేడు రసంలో ముంచి, నాలుగంటే నాలుగే ముక్కలు. "తుమ్మలవాగులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. రావిమడుగు ఎండింది. పిల్లల్ని ఎండెక్కకముందే తీసుకెళ్ళండి." అంతే! చదివినవాళ్ళు నీళ్ళ దారి పడతారు. పట్నంలో నాలుగేళ్ళు చూరు కింద కాపురముండి వచ్చిన పావురం ఈ రాతకి బ్లాగు అని పేరు పెట్టింది.

ఆ బండ మీద నక్క రంగప్ప కన్ను పడింది. ఎవరి రాతని నలుగురూ చదువుతారో వాళ్ళకే బండ అని అడవి కట్టుబాటు. ఏటా ఏరువాక పున్నమి రోజు పొద్దున్నే ఏనుగు పెద్దమ్మ ఆ సంగతి తేలుస్తుంది. బండ చేతికొస్తే ఎవరు ఏ మడుగుకి వెళ్ళాలో రంగప్పే చెప్పొచ్చు. చెప్పిన చోట తోడేళ్ళని కూర్చోబెట్టొచ్చు. ఆ తర్వాత ఎముకల్లో వాటా ఎక్కడికి పోతుంది?

"ఏం రాతలక్కా ఇవి, ఉప్పులేని పప్పులాగా!" అంటూ, గోరు విరిగిన ఎడమకాలు విదిలించుకుంటూ వచ్చాడు.

"అందరికీ అర్థమవుతోంది కదరా?" అంది ములుకమ్మ.

"అర్థమైతే సరిపోతుందా? పేరు చూడగానే గుండె ఆగిపోవాలి! అసలు సంగతి అడుగున దాచు, కిందిదాకా చదవక ఏం చేస్తారు? నీళ్ళు అన్న మాట నలభైసార్లు వెయ్యి. నీళ్ళు వెతుక్కునేవాళ్ళంతా నీ బండకే వస్తారు. అన్నట్టు, రోజూ వాగుదాకా ఆ నడకెందుకు? కాకులు చెప్పుకునేది వింటే చాలదూ! బండ కింద దుమ్ములో పడ్డ అడుగులు లెక్కపెట్టుకో, నీకే తెలుస్తుంది."

పొగడ్తల ఆశ ఎవరికి చేదు? మర్నాడు బండ నిండిపోయింది. "నీళ్ళు కావాలా నీళ్ళు! నీళ్ళ గురించి ఎవరూ చెప్పని నీళ్ళలాంటి నిజం! చదివితే కళ్ళలో నీళ్ళే!" ఇలా మొదలై ముప్ఫై వరసలు సాగింది. సాయంత్రానికి దుమ్ములో రెండొందల అడుగులు. ములుకమ్మ మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఆ వారమంతా నడక మానేసి కాకుల కబుర్లే రాసింది. నిజం చెప్పొద్దూ, ఆ లెక్క ఆవిడ తలకి కాస్త ఎక్కింది.

ఎనిమిదోరోజు కుందేలు చెవులమ్మ పిల్లని వీపున వేసుకుని వచ్చింది. "ఏమమ్మా ములుకమ్మా! ముప్ఫైతొమ్మిది నీళ్ళు దాటాక గానీ వాగు పేరు రాలేదు. తీరా వెళ్తే అది ఎండిన వాగు! నా చంటిది ఇసకలో సొమ్మసిల్లి పడిపోయింది. చెలమలో నాలుగు చుక్కలు దొరికాయి కాబట్టి బతికింది. నీకో దణ్ణం, నీ రాతకో దణ్ణం!"

ములుకమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. పిల్ల ముఖంలోకి చూడలేక బండ వెనక్కి పోయి ఏడ్చింది. అక్కడ తాబేలు కూర్మయ్య తాత ఎండుటాకులు నములుతున్నాడు.

"మరి రోజూ రెండొందల అడుగులు పడుతున్నాయే తాతా!" అంది వెక్కుతూ.

"వచ్చిన కాళ్ళు లెక్కపెట్టావు. నిలబడ్డ కాళ్ళెన్నో చూశావా? రా, చూడు. ఇదిగో దుప్పి, ఇక్కడిదాకా వచ్చింది, గిరుక్కున తిరిగిపోయింది. అడివిపంది, అదీ అంతే. ఇక ఈ మిగతా సగం చూడు. అన్నీ ఒకడి కాళ్ళే, ఎడమకాలికి ఒక గోరు విరిగింది."

"రంగప్ప!" ఏదుపంది ములుకులన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"వాడి సంగతి తర్వాత. నువ్వు మొదట్లో ఏం చేసేదానివి?"

"నడిచి వెళ్ళి చూసేదాన్ని. చూసిందే రాసేదాన్ని. ఎదుటివాళ్ళకి కావలసింది ముందు చెప్పేదాన్ని." బండ నిండా ఉన్న తన రాత వైపు చూసింది. "నేల విడిచి సాము చేశాను తాతా."

పున్నమికి రెండే రోజులు. బండ ముందువైపు కడిగేసి ఏదుపంది నడక మొదలుపెట్టింది. మూడు వాగులు, రెండు మడుగులు, నేలలోంచి ఊరే జల ఒకటి. కాళ్ళు బొబ్బలెక్కినా ఒక్కటీ వదల్లేదు.

పున్నమి పొద్దున అడవంతా చేరింది. సగం బండ మీద రంగప్ప రాశాడు, సగం మీద ములుకమ్మ. ఏనుగు పెద్దమ్మ ముందు రంగప్పది అందుకుని గట్టిగా చదివింది. "కనీవినీ ఎరుగని నీళ్ళు! చివరి ముక్క చదివాక మీ తోకలు నిలవవు!" కొండంత రాగం తీసి లొల్లాయి పాట పాడినట్టు అది సాగుతూనే ఉంది. అడివిపందులు ఆవలించి కూర్చున్నాయి. ఎట్టకేలకు చివరి ముక్క వచ్చింది.

"ఊటమడుగు నిండుగా ఉంది. నేనే స్వయంగా దిగి చూశాను. గట్టెక్కేసరికి నా ములుకులన్నీ తడిసి బరువెక్కాయి."

పెద్దమ్మ తొండం గాల్లోనే ఆగింది. "ఏమిటి తడిశాయన్నావురా?"

"అబ్బే... అది అలంకారం పెద్దమ్మా," అన్నాడు నక్క, వెనక్కి జరుగుతూ.

"అలంకారం కాదు, చౌర్యం!" పావురం కొమ్మ మీంచి అరిచింది. "పోయిన వానల్లో ములుకమ్మ బండ వెనకవైపు రాసింది ఇదే! వెళ్ళి చూడండి, ఒక్క అక్షరం మార్చలేదు! ఊటమడుగు ఎండి నెల దాటింది!"

"మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు," అని తాత నిట్టూర్చాడు.

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందని వినడమే," అంది చెవులమ్మ. "ఏదుపందిని చూసి ములుకులు మొలిపించుకోవడం ఇవాళే చూస్తున్నా! ఏదీ, ఒక్కటి చూపించు నాయనా!"

అడవి అడవంతా పడీ పడీ నవ్వింది. నవ్వులు ఆగాక పెద్దమ్మ ములుకమ్మ రాత చదివింది.

"పాలజలలో మొలలోతు నీళ్ళున్నాయి. నిన్న దిగాను. ఎడమగట్టు పొదల్లో తోడేళ్ళున్నాయి, కుడిగట్టున గుంపుగా వెళ్ళండి. పోయిన వారం రాతల్లో తప్పు నాదే."

పెద్దమ్మ నోరు మూసేలోగా దుప్పులు లేచాయి, పందులు లేచాయి, చంటిదాన్ని ఎత్తుకుని చెవులమ్మ అందరికంటే ముందు పరిగెత్తింది. "ఇంకా తీర్పు నేను చెప్పాలా?" అని పెద్దమ్మ కూడా వాళ్ళ వెనకే నడిచింది. ములుకమ్మ ఆనందం పట్టలేక బొబ్బల కాళ్ళతోనే ఒక్క గెంతు గెంతింది.

బండ దగ్గర మిగిలింది రంగప్ప ఒక్కడే. ఎండ మాడ్చేస్తోంది, నాలుక పిడచకట్టుకుపోయింది. ఇటూ అటూ చూశాడు. ఎవరూ లేరని తేలాక, తలవంచుకుని ములుకమ్మ నాలుగు ముక్కలూ మొదటినుంచి చివరిదాకా చదివి, బుద్ధిగా కుడిగట్టు దారి పట్టాడు.

కాళ్ళారా వెళ్ళి, కళ్ళారా చూసి రాసిన నాలుగు ముక్కల్ని పగవాడైనా చదవక తప్పదు.