కంపమ్మ కొన్న ఎండబండి

అనగనగా ఒక అడవిలో, అందరి బదులూ అనుమానపడే పని ఒక ముళ్ళపంది చేసేది. దాని పేరు కంపమ్మ.

నవ్వకండి. అది చాలా అవసరమైన పని. అడవిలోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు కంపమ్మకి చూపించేవారు. కొత్త గంప వచ్చినా, కొత్త పండు వచ్చినా, కొత్త అల్లుడు వచ్చినా అంతే. కంపమ్మ దాని చుట్టూ తిరిగేది, వాసన చూసేది, కాలితో తట్టేది. ఏదో తేడాగా ఉందనిపిస్తే వీపు మీద ముళ్ళు నిక్కబొడుచుకునేవి. అంతా బాగుంటే మెల్లగా వాలి పడుకునేవి. ముళ్ళు పడుకున్నాయంటే చాలు, మిగతా జంతువులు ఇంక ఏమీ చూసేవి కావు. ఒక్కళ్ళు అనుమానపడితే అందరికీ సరిపోతుందని వాళ్ళ లెక్క.

ఒక ఎండాకాలం ఆ అడవికి ఒక పునుగుపిల్లి వచ్చాడు. పేరు జవ్వాజయ్య. ఒళ్ళంతా ఘుమఘుమలాడే వాసన. పునుగుపిల్లికి ఆ వాసన పుట్టుకతో వస్తుంది, అందులో తప్పేమీ లేదు. అయినా ఆసామీ రాకముందే వాసన వచ్చే వ్యాపారిని చూస్తే, ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని నాకెందుకో అనిపిస్తుంది.

జవ్వాజయ్య తెచ్చింది ఎండబండి. అప్పటిదాకా ఆ అడవిలో బండి అంటే కంచరగాడిద లాగేదే. గాడిదకి రోజూ మేత పెట్టాలి, నీళ్ళు పెట్టాలి, పైగా దాని అలకలు తీర్చాలి. ఎండబండికి గాడిదే అక్కర్లేదు. దాని మీద ఒక నల్లటి పలక ఉంటుంది. కాసేపు ఎండలో నిలబెడితే పలక వేడెక్కి చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. ధర మాత్రం ముప్పై గంపల దుంపలు.

కంపమ్మకి బండి కావాలి. దుంపలు దొరికేది వాగు అవతల కొండ మీద. వానలు పడితే వాగు పొంగుతుంది, కొండకి దారి ఉండదు. అందుకని ఎండాకాలం పొడుగునా దుంపలు తవ్వి, నోటితో ఈడ్చుకొచ్చి, బొరియలో దాచేది. బొరియలో ఇద్దరు పిల్లలు. వానాకాలమంతా ఆ దుంపలే వాళ్ళకి తిండి. బండి ఉంటే వానల్లోపు రెట్టింపు తేవచ్చు. కానీ బండి కొనాలంటే దాచినవి దాదాపు అన్నీ ఇచ్చెయ్యాలి.

కంపమ్మ ఊరికే కొనే రకం కాదు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగింది. మబ్బు పడితే నడుస్తుందా అని అడిగింది. నెమ్మదిగా నడుస్తుందన్నాడు జవ్వాజయ్య. కొండ ఎక్కుతుందా అని అడిగింది. ఎక్కించి చూపించాడు. చక్రం విరిగితే ఎవరు బాగుచేస్తారని అడిగింది. తానే చేస్తానన్నాడు. మూడూ నిజమే. కంపమ్మ ముళ్ళు ఒక్కొక్కటే వాలిపోయాయి.

అప్పుడు జవ్వాజయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పౌర్ణమి దాటితే ధర పెరుగుతుందక్కా. నువ్వని చెప్తున్నాను. ఇంకెవరికీ చెప్పకు."

ఆ మాట అతను అందరికీ చెప్పాడని తర్వాత తెలిసింది.

పక్కనే బండరాయి వెనక ఏదో గుట్టగా ఉంది. దాని మీద టేకాకులు కప్పి ఉన్నాయి. అదేమిటని కంపమ్మ అడిగింది. తన సామానని, వానకి తడవకుండా కప్పానని అన్నాడు. కంపమ్మ వీపు మీద ఒక్క ముల్లు లేచింది. మండుటెండల్లో వాన ఏమిటి? గట్టిగా అడగాల్సింది. కానీ అప్పటికే బేరం కుదిరిపోయింది, వెనక దుప్పీ ముంగిసా నిలబడి చూస్తున్నాయి. ఇంకా ప్రశ్నలడిగితే బాగుండదేమో అనుకుంది. మొహమాటం పిల్లలూ, మొహమాటం. అనుమానం ఉన్నవాళ్ళకి కూడా ఉంటుంది.

కంపమ్మ ముళ్ళు పడుకోవడం చూసి దుప్పి ఒక బండి కొంది. ముంగిస ఒకటి కొంది. ఇద్దరూ ముప్పై గంపలకే.

పౌర్ణమి వచ్చింది, వెళ్ళింది. ధర పెరగలేదు. ఒకరోజు పొద్దున కంపమ్మ దుంపలు వేసుకుని కొండ దిగి వస్తుంటే ఎదురుగా ఉడుత కొత్త బండిలో గెంతుతూ వస్తోంది. పదిహేను గంపలకే కొన్నానని చెప్పింది. ఇవాళ్టి నుంచి అందరికీ అదే ధర అని కూడా చెప్పింది.

కంపమ్మ ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి.

ముందు ఉడుత బండిని అనుమానించింది. చక్రం తట్టింది, పలక గీకింది, అడుగున దూరి చూసింది. అచ్చం తన బండే. తర్వాత ఉడుతని అనుమానించింది. జవ్వాజయ్యకి చుట్టమా అని అడిగింది. ఉడుతకి కోపం వచ్చి వెళ్ళిపోయింది. ఇంక మిగిలింది జవ్వాజయ్య. అతని దగ్గరికి బయల్దేరింది.

దారిలో దుప్పీ ముంగిసా ఎదురయ్యాయి. వాటికీ కబురు అందింది. రెండూ ఆమె వైపు అదోలా చూశాయి. ఆ చూపు కంపమ్మకి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ ఆమె అందర్నీ చూసిన చూపు అదే.

"నీ ముళ్ళు చూసి కొన్నాం వదినా," అంది ముంగిస. "ముళ్ళు పడుకోబెట్టినందుకు నీకెన్ని గంపలు వెనక్కి ఇచ్చాడేం?"

కంపమ్మ దుంపలు పోయాయి, పైగా తానే దొంగ అయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముంగిస ఆ నీళ్ళని కూడా నమ్మినట్టు లేదు.

జవ్వాజయ్య మాత్రం ఎప్పట్లాగే నవ్వుతూ కూర్చోబెట్టాడు. బండి నడవడం మానేసిందా అని అడిగాడు. లేదంది. నిన్న ఎంత బరువు మోసిందో ఇవాళా అంతే మోస్తోందా అన్నాడు. మోస్తోందంది. మరి నీకు తగ్గిందేమిటక్కా అన్నాడు. పదిహేను గంపలంటే ఇద్దరు పిల్లల వానాకాలం. అయితే బండి నువ్వే తీసుకో, నా దుంపలు నాకిచ్చెయ్యి అంది. వాడిన బండి కదా, పది గంపలిస్తానన్నాడు.

ఆమె లేచి వెళ్తుంటే వెనక నుంచి మెల్లగా ఒక మాట వదిలాడు.

"వాగు అవతల వాళ్ళకి ఈ ధర సంగతి ఇంకా తెలీదులే అక్కా."

అంతే అన్నాడు. ఏం చెయ్యమనీ చెప్పలేదు. అలాంటివాళ్ళు ఎప్పుడూ చెప్పరు.

ఆ మాట కంపమ్మ చెవిలో దూరిన చీమలా తిరుగుతూనే ఉంది. వాగు అవతల తాబేలు తాత ఉన్నాడు. ఏటా ఎండాకాలంలో ఆయన మడుగు ఎండిపోతుంది. పెద్దచెరువు దాకా నడిచి వెళ్ళాలి. కిందటేడు సగం దారిలో సొమ్మసిల్లిపోయాడు, ఎవరో చూసి నీళ్ళు చల్లబట్టి బతికాడు. అప్పట్నుంచీ బండి కోసం తామరదుంపలు కూడబెడుతున్నాడు. నువ్వు వాడి చూసి బాగుందంటే నేనూ కొంటానమ్మా అని కంపమ్మతో ముందే అన్నాడు.

బొరియకి వెళ్తే పిల్లలు ఖాళీ గుంటలో మిగిలిన దుంపలతో ఆడుకుంటున్నారు. ఆ గుంట నిండా ఉండాల్సింది. కంపమ్మ చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత బండి తుడిచింది. చక్రాలకి అంటిన మట్టి గీకింది. పలక మెరిసేదాకా ఆకులతో రుద్దింది. పిల్లలు ఎక్కడికమ్మా అని అడిగితే నీళ్ళు నమిలింది.

వాగు దాటింది. తాబేలు తాత మడుగులో మోకాలి లోతు బురద తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన బండిని చూసి ఎంత సంబరపడ్డాడో! నాకు మారుబేరం చెయ్యాలనిపించింది తాతా, నువ్వు తీసుకో, నేను కొన్న ముప్పైకే ఇస్తాను అంది కంపమ్మ. ప్రతి మాటా నిజమే. ముప్పైకే కొంది. అబద్ధం ఎక్కడా లేదు. చూశారా, ఒక్క అబద్ధం కూడా లేకుండా ఎంత మోసం చెయ్యొచ్చో.

తాత సరేనన్నాడు. గంపలు బయటికి లాగడం మొదలుపెట్టాడు. చక్రం తట్టలేదు, పలక చూడలేదు. ఆయనకి అలవాటైన పని ఒక్కటే చేశాడు. తలెత్తి కంపమ్మ ముళ్ళ వైపు చూశాడు.

ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

కంపమ్మ వాటిని వంచాలని చూసింది. వీపు గట్టుకేసి రుద్దింది. పడుకోలేదు. గాలికి అలా ఉన్నాయంది. అక్కడ ఆకు కదలడం లేదు.

తాత గంప కింద పెట్టాడు.

"ఇక్కడ నువ్వూ నేనే ఉన్నాం కదమ్మా. ఎవర్ని అనుమానిస్తున్నావు?"

కంపమ్మ చుట్టూ చూసింది. నిజమే, ఇంకెవరూ లేరు. తాత మీద అనుమానపడటానికి ఏమీ లేదు. అప్పుడామెకి అర్థమైంది, ఆ ముళ్ళు ఎవరిని చూసి లేచాయో. సిగ్గుతో తల వాలిపోయింది. బండి ఇప్పుడు పదిహేను గంపలే తాతా అని చెప్పేసింది. మొదట్నుంచీ అన్నీ చెప్పింది. పిల్లల గుంట సంగతీ, ముంగిస అన్న మాటా, జవ్వాజయ్య వెనక నుంచి వదిలిన మాటా.

తాత కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. ఒక్కటే అడిగాడు.

"నువ్వు నాకు అమ్మేసి ఉంటే, రేపు నేనెవరికి అమ్మాలమ్మా?"

కంపమ్మ ఆయన్ని అదే బండిలో ఎక్కించుకుని వాగు ఇవతలికి తీసుకొచ్చింది. ముందు పెద్దచెరువుకి కాదు, జవ్వాజయ్య దగ్గరికి.

అక్కడ జంతువులన్నీ పదిహేను గంపల బండి కోసం గుంపుగా నిలబడ్డాయి. కంపమ్మ తిన్నగా బండరాయి వెనక్కి వెళ్ళి టేకాకులు లాగి పారేసింది. కింద ఇంకో రకం ఎండబండ్లు వరసగా ఉన్నాయి. పలకలు పెద్దవి, చక్రాలు వెడల్పువి. వాటి మీద పేరుకున్న దుమ్ము చూస్తే చాలా రోజుల్నుంచీ అక్కడే ఉన్నాయని తెలుస్తోంది. అవి బయటికొస్తే ఇప్పటి బండ్లని ఎవరూ అడగరు. అందుకే ఈలోపు ఈ పాత బండ్లని వదిలించుకుంటున్నాడు.

పొద్దున్నుంచీ గెంతుతున్న ఉడుత గెంతడం ఆపేసింది.

జవ్వాజయ్య మొహంలో రంగు మారినా గొంతు మారలేదు. తన సరుకు, తన ఇష్టం అన్నాడు. ధర తగ్గించడం తప్పా అని అందర్నీ అడిగాడు. కొందరు తప్పు కాదన్నట్టు తలూపారు కూడా.

"తగ్గించడం తప్పు కాదు జవ్వాజయ్యా," అంది కంపమ్మ. "తగ్గిస్తానని తెలిసి పెరుగుతుందని చెప్పడం తప్పు. నేను బండి గురించి మూడు అడిగాను. ఇప్పుడు ధర గురించి ఒకటి అడుగుతున్నాను. రేపు నువ్వు మళ్ళీ తగ్గిస్తే ఇవాళ కొన్నవాళ్ళకి ఏమిస్తావు?"

జవ్వాజయ్య నవ్వాడు. గుంపులో ఒక్కరూ ముందుకి కదల్లేదు. అందరూ కంపమ్మ ముళ్ళనే చూస్తున్నారు. ముళ్ళు నిటారుగా ఉన్నాయి. పడమట మబ్బులు పట్టడం మొదలైంది. వానలు పడితే ఎండబండిని ఎవరు కొంటారు? ఆ సంగతి జవ్వాజయ్యకి అందరికంటే బాగా తెలుసు. అటూ ఇటూ తిరిగాడు, ఆకాశం చూశాడు, చివరికి దిగొచ్చాడు. వచ్చే ఏడు వానాకాలం లోపు ధర తగ్గిస్తే ఆ తేడా కొన్నవాళ్ళకి తిరిగిచ్చేస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ముప్పైకి కొన్న ముగ్గురికీ తలా ఏడు గంపలు ఇచ్చాడు. పదిహేనూ ఇవ్వలేదు, ఎంత అడిగినా ఇవ్వలేదు.

ముంగిస తన గంపలు లెక్కపెట్టుకుని, తర్వాత కంపమ్మ గంపలు కూడా లెక్కపెట్టింది. ఒకటి ఎక్కువ ఉందేమోనని. రెండోసారి లెక్కపెట్టుకోమని కంపమ్మ తానే పక్కకి జరిగింది.

ఆ ఏడు వానాకాలం కంపమ్మ పిల్లలు రోజుకి ఒక పూటే తిన్నారు. ఆ మాట దాచి కథ చెప్తే నేనూ జవ్వాజయ్యని అవుతాను. కాకపోతే తాబేలు తాత పెద్దచెరువు నుంచి అప్పుడప్పుడు తామరదుంపలు పంపేవాడు. ఆయన పదిహేనుకే బండి కొన్నాడు. కొనేముందు మళ్ళీ కంపమ్మ ముళ్ళ వైపు చూశాడు. అవి పూర్తిగా పడుకోలేదు, సగమే వాలాయి.

"ఆ సగం నాకు చాలు," అన్నాడు తాత. "మిగతా సగం నేను చూసుకుంటాను." అని మొదటిసారి తన కాలితో తానే చక్రం తట్టి చూశాడు.

నీతి: మనకి జరిగిన మోసాన్ని మనల్ని నమ్మినవాళ్ళకి అంటగట్టకూడదు, అడగాల్సిన మాట అమ్మేవాణ్ణి అందరి ముందూ అడగాలి.